సీతాఫలాల స్టాలుకు ఎవరి క్యూఆర్ కోడ్?

మహబూబ్‌నగర్‌లోని ఒక డిగ్రీ కళాశాలలో మా సాహితీ క్లబ్బుకు కోశాధికారిగా పనిచేశాను. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే విద్యార్థులు తరగతులు అయిపోయాక సాయంత్రం బస్సు దాకా కూర్చుని చదువుకోవడానికి కళాశాల ఒక గది ఇచ్చింది. అందులో పోటీ పరీక్షల పుస్తకాలు, బల్లలు సమకూర్చుకోవడం మాత్రం మా బాధ్యతే. దసరా సెలవులకు ముందు కళాశాలలో జరిగే బతుకమ్మ సంబరాల్లో స్టాలు పెట్టి సీతాఫలాలు, సకినాలు అమ్మాలని తీర్మానించాం. బాలానగర్ సీతాఫలానికి ఉన్న పేరు తెలిసిందే, అది పండ్ల కాలం కూడా. ఏమి అమ్మాలన్నది వెంటనే తేలిపోయింది. డబ్బు ఎవరి ఖాతాలో పడాలన్న దగ్గరే చర్చ ఆగింది.

అంతకుముందు ఒక కార్యక్రమానికి మా సీనియర్ ఒకరు తన సొంత ఫోను నంబరు ఇచ్చి చందాలు వసూలు చేశారు. కొన్నాళ్లకు బ్యాంకు ఆయన ఖాతాను ఆపేసింది. ఎవరో ముక్కూ మొహం తెలియని వ్యక్తి పంపిన మొత్తం, వేరే రాష్ట్రంలో ఒకరిని మోసగించి కొట్టేసిన డబ్బట. మోసపోయినవారు సైబర్ మోసాల సహాయ నంబరు 1930కు ఫిర్యాదు చేస్తే, ఆ సొమ్ము ఏయే ఖాతాల మీదుగా వెళ్లిందో వెతికి ఆపుతారు. అది న్యాయమే. కానీ ఆ సీనియర్ స్కాలర్‌షిప్ కూడా అదే ఖాతాలో ఉండిపోయింది. ఏ తప్పూ చేయని మనిషి పరీక్ష ఫీజుకు అప్పు చేయడం నేను కళ్లారా చూశాను. అందుకే మొదటి సమావేశంలోనే, ఎవరి సొంత ఖాతానూ వాడవద్దని గట్టిగా పట్టుబట్టాను. ‘ఇంత చిన్న స్టాలుకు అంత హడావుడి ఎందుకు’ అన్నవాళ్లున్నారు. సొంత డబ్బుతో కలిసిపోయిన క్లబ్బు డబ్బుకు ఎంత నిజాయితీపరుడైనా తేటగా లెక్క చూపలేడని నా నమ్మకం.

క్లబ్బు పేరుతో కొత్త ఖాతా తెరవాలంటే రిజిస్ట్రేషన్ పత్రం, నియమావళి, క్లబ్బు పేరిట పాన్ కార్డు కావాలని బ్యాంకులో చెప్పారు. మా దగ్గర అవేవీ లేవు. విద్యార్థి కార్యక్రమాల కోసం ప్రిన్సిపాల్ హోదా పేరిట ఒక ఖాతా ముందునుంచే ఉందని క్లబ్బును చూసుకునే మా మేడమ్ గుర్తుచేశారు. క్లబ్బు తీర్మానం నకలు జతచేసి ప్రిన్సిపాల్ గారికి దరఖాస్తు పెట్టాం. ప్రిన్సిపాల్, మేడమ్ ఇద్దరి సంతకాలూ ఉంటేనే డబ్బు బయటికి తీయాలన్న షరతును మేమే అందులో రాశాం. ఆ ఖాతాకే బ్యాంకు వ్యాపారులకిచ్చే క్యూఆర్ కోడ్ ఇచ్చింది. బ్యాంకు ఖాతా నుంచి యూపీఐలో వచ్చే చెల్లింపుల మీద 2020 జనవరి నుంచి వ్యాపారుల దగ్గర రుసుము తీసుకోవడం లేదు కాబట్టి కోత ఉండదని తేలింది. డబ్బు పడగానే పలికే సౌండ్ బాక్సుకు మాత్రం అద్దె కట్టాలి.

ఖాతాకు ప్రిన్సిపాల్ గారి నంబరే జతచేసి ఉంది. పది రూపాయలు పడినా సందేశం ఆయనకే వెళ్తుంది. ప్రతి చెల్లింపుకూ ఆయనకు ఫోను చేసి అడగలేం. బ్యాంకు వారి యాప్‌ను ప్రిన్సిపాల్ అనుమతి పత్రంతో మేడమ్ ఫోనులో పెట్టించుకున్నాం. ఇది చాలా అవసరమైన పని. బతుకమ్మ పాటలు, చప్పట్ల మధ్య సౌండ్ బాక్సు పలుకు వినిపించనే లేదు. అందుకని ఒకరు పండ్లు అందిస్తే, మరొకరు యాప్‌లో చూసి ‘వచ్చింది’ అనేవారు. ఆ మాట వినపడ్డాకే సంచి చేతికిచ్చేవాళ్లం. చెల్లించినట్టు చూపే దొంగ స్క్రీన్‌షాట్లు తయారుచేసే యాప్‌లు తిరుగుతున్నాయి కనుక స్క్రీన్‌షాట్‌ను లెక్కలోకి తీసుకోలేదు. మా స్నేహితులకూ ఇదే నియమం. పిన్ నొక్కేముందు తెరమీద కనిపించే పేరు పైకి చదవమని కూడా అడిగేవాళ్లం. మా కోడ్ మీద ఎవరైనా వేరే స్టిక్కర్ అంటించినా అక్కడే బయటపడుతుంది. కొన్నవారికి ఇచ్చే ప్రతి కూపన్ మీద ఆ చెల్లింపును గుర్తించే 12 అంకెల యూటీఆర్ నంబరులో చివరి నాలుగు అంకెలు రాశాం.

మధ్యాహ్నం ఒకాయన వచ్చి, ‘తమ్ముడూ, రెండు వేలు స్కాన్ చేస్తాను, పెట్టెలోంచి నగదు ఇవ్వు’ అన్నారు. ఆయన మంచివారే అయి ఉండవచ్చు. కానీ దొంగ సొమ్ము చేతులు మారేది సరిగ్గా ఇలాగే. కుదరదని మర్యాదగా చెప్పాం. ఒక అమ్మాయి 50 రూపాయలకు బదులు 500 పంపింది. ఆమెకు కూడా నగదు ఇవ్వలేదు. పేరు రాసుకుని, యాప్‌లోంచి ఆ చెల్లింపు వచ్చిన ఖాతాకే మేడమ్ చేత వెనక్కి పంపించాం.

పండ్లు తెచ్చిన బాలానగర్ వైపు ఆడవాళ్లకు మాత్రం నగదే ఇచ్చాం. ఈ విషయంలో క్లబ్బులో వాదన జరిగింది. అంతా ఫోనులోనే జరిగితే లెక్క తేలిక అని కొందరు అన్నారు. గంపలు దించుతున్న ఒక అవ్వను అడిగితే, ‘మా మనవడి ఫోనుకు పంపితే నా చేతికి రాదు బిడ్డా’ అంది. తెల్లవారుజామున గుట్టలెక్కి కోసుకొచ్చిన పండ్లకు వెల ఆమె కొంగుముడిలోకే చేరాలి. మా లెక్క తేలిక కావడం కోసం ఆమె కష్టం మరొకరి చేతిలో పడకూడదు. ఇద్దరి సంతకాలతో చెక్కు రాయించి ముందుగానే డబ్బు తీసి ఉంచాం కాబట్టి ఇబ్బంది కాలేదు. గంపల సంఖ్య, ధర, మొత్తం రాసిన వోచరు చదివి వినిపించి, వాళ్ల చేత సంతకమో వేలిముద్రో తీసుకున్నాం.

రాత్రి యాప్‌లోని జాబితానూ కూపన్ల ప్రతులనూ పక్కపక్కన పెట్టి సరిచూశాం. స్టాలు దగ్గర జాబితాలో కనిపించని చెల్లింపు ఒకటి మిగిలింది. మొదటి సంవత్సరం అమ్మాయి ఖాతాలోంచి డబ్బు పోయింది, మాకు రాలేదు. ఆమె ఫోనులో బ్యాంకు సందేశం చూసి, ఆ ఒక్కసారికి నియమం సడలించి, పేరు రాసుకుని పండ్లు ఇచ్చాం. వ్యాపారికి చేసిన యూపీఐ చెల్లింపు ఇలా మధ్యలో చిక్కుకుంటే 5 రోజుల్లోగా దానంతట అదే తిరిగి రావాలని, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2019లోనే నిబంధన పెట్టింది. ఆ మాట చెబితే ఆమె ముఖంలో బెదురు తగ్గింది. గడువులోపే డబ్బు తిరిగొచ్చింది. ఆమె మళ్లీ వచ్చి స్కాన్ చేసి వెళ్లింది.

పుస్తకాల దుకాణానికి కళాశాల పేరిట బిల్లు తీసుకుని ఖాతా నుంచే చెల్లించాం. రాబడి, ఖర్చు, మిగులు రాసిన కాగితాన్ని బిల్లుల నకళ్లతో నోటీసు బోర్డు మీద అంటించాం. బ్యాంకు స్టేట్‌మెంటు మాత్రం అంటించలేదు. ఇచ్చినవారి పేర్లు గోడకెక్కడం సరికాదు. అడిగినవారికి మేడమ్ గదిలో చూపించాం.

కొత్త కోశాధికారికి రిజిస్టరు, కూపన్ ప్రతులు, వోచర్లు అప్పగించి సంతకం తీసుకున్నాను. క్యూఆర్ స్టాండు ప్రిన్సిపాల్ గారి బీరువాలో ఉంటుంది, కార్యక్రమం ఉన్న రోజే బయటికి వస్తుంది. మేడమ్ బదిలీ అయితే యాప్ నంబరు మార్చడానికి ఏ పత్రం ఇవ్వాలో బ్యాంకులో కనుక్కుని, ఆ దరఖాస్తు నమూనాను రిజిస్టరు చివరి పేజీలో అంటించాను.