యారిగతాకె మీదికి మూడు రోజులు: నా అనుభవం

జపాన్ కొండదారుల మ్యాపులో కిలోమీటర్ల కన్నా నిమిషాలే ముఖ్యం. ఒక గుర్తు నుంచి ఇంకో గుర్తుకి ఎంతసేపు పడుతుందో గీత పక్కనే రాసి ఉంటుంది. అందులో ఆగి సేదతీరే సమయం కలవదు. 3,180 మీటర్ల యారిగతాకె శిఖరానికి వెళ్లేటప్పుడు నేను గంటకి పది నిమిషాలు అదనంగా వేసుకుని, మధ్యాహ్నం మూడింటికల్లా బసకి చేరేలా వెనక నుంచి లెక్క కట్టాను. వేసవిలో మధ్యాహ్నం దాటితే మబ్బు కమ్మి ఉరుములు మొదలవుతాయి, కొండ నెత్తిన తలదాచుకునే చోటుండదు. పైగా యామాగోయాల్లో, అంటే కొండమీద బసల్లో, రాత్రి భోజనం సాయంత్రం ఐదు ప్రాంతంలోనే పెట్టేస్తారు. ముందే బుక్ చేసుకోవాలి, నగదు దగ్గరుంచుకోవాలి. దారిలో మరుగుదొడ్ల కోసం వంద యెన్ నాణేలు విడిగా పెట్టుకోండి.

ఈ దారి ఉన్న నగానో ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటిది) నిర్దేశించిన దారుల్లో నడక ప్రణాళిక ఇవ్వడం 2016 నుంచి తప్పనిసరి. ఆన్‌లైన్‌లో నింపవచ్చు. ఎవరెవరు, ఏ దారి, ఏ రోజు ఎక్కడ బస, వాతావరణం చెడితే ఎటు దిగుతారు అన్నవి రాయాలి. ఆ చివరి గడిని ఖాళీగా వదలకండి. అది రాయడానికి కూర్చుంటేనే మ్యాపుని సరిగ్గా చదువుతాం.

నడక మొదలయ్యేది కామికోచి లోయలో. అందులోకి సొంత కార్లు రానివ్వరు. మత్సుమోతో నగరం నుంచి షిన్‌షిమాషిమా దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. కామికోచి దాదాపు 1,500 మీటర్ల ఎత్తులో ఉంది. మ్యోజిన్, తోకుసావా, యోకో దాకా నది వెంట దాదాపు చదునైన దారి, సుమారు మూడు గంటలు. ఇంకో గంటన్నర పైచిలుకు నడిస్తే యారిసావా లాడ్జ్. మొదటి రాత్రి అక్కడే పడుకోవడం మంచిది. ఎందుకంటే అక్కడికి మనం ఎక్కింది 300 మీటర్లే. మిగిలిన 1,200 మీటర్ల పైచిలుకు ఎక్కుడంతా రెండో రోజుదే.

ఆ రోజు తెల్లవారుజామునే బయలుదేరాలి. పైన బసల్లో నీళ్లకి వాననీరే ఆధారం కాబట్టి లాడ్జ్ దగ్గరే రెండు లీటర్లు నింపుకోవాలి. జూలైలో కూడా లోయలో మంచు మిగిలి ఉంటుంది, మంచు మీద జారకుండా బూట్ల కింద కట్టుకునే ఆరు పళ్ల తేలిక క్రాంపాన్లు సంచిలో ఉండాలి. పైకి వెళ్తుంటే బన్‌ర్యూ అనే సన్యాసి తలదాచుకున్న రాతిగుహ కనిపిస్తుంది. 1828లో ఈ శిఖరానికి దారి తీసింది ఆయనే. ఆ గుహ ముందు కాసేపు నిలబడితే మన బూట్లూ జాకెట్లూ ఎంత సుఖమో తెలుస్తుంది.

బూట్ల సంగతి గట్టిగా చెప్పాలి. పాలియురేథేన్ అడుగులున్న బూట్లు వాడకపోయినా తేమకి లోలోపల చివికిపోతాయి. ఐదేళ్లు దాటిన జత చూడ్డానికి కొత్తగానే ఉంటుంది, నడుస్తుండగా అడుగు ఊడివస్తుంది. బయలుదేరే ముందు అడుగును రెండు చేతులా వంచి, అంచుల్లో పగుళ్లున్నాయేమో చూడండి. గట్టి టేపు ఒక చుట్ట వెంట ఉండాలి.

శాకాహారులకి చిక్కు మిసో సూప్‌లో, అంటే పులియబెట్టిన సోయా ముద్దతో చేసే సూప్‌లో ఉంటుంది. చాలాచోట్ల దాని రసం ఎండుచేపతో తీసిందే. నేను ఆల్ఫా బియ్యం (ముందే వండి ఎండబెట్టిన అన్నం) పొట్లాలు, కందిపొడి పట్టుకెళ్లాను. పొట్లంలో 160 మిల్లీలీటర్ల వేడినీళ్లు పోస్తే పావుగంటలో అన్నం సిద్ధం. చన్నీళ్లయితే గంట పడుతుంది. ఖాళీ పొట్లాలు కిందికి మోసుకురావలసిందే.

శిఖరం కింది యారిగతాకె సాన్సో అనే బసలో బరువు దించేసి పైకెళ్లాలి. అరగంట ఎక్కుడు, గొలుసులు, చివర నిలువు నిచ్చెనలు. ఈ ప్రాంతంలో హెల్మెట్ పెట్టుకోమని ప్రిఫెక్చరే చెబుతుంది. రాళ్ల మీద తెల్లరంగు సున్నా ఉంటే దారి, ఇంటూ గుర్తుంటే అటు అడుగు వెయ్యకూడదు. కర్రలు కిందే వదిలేసి, రెండు చేతులూ రెండు కాళ్లలో మూడు ఎప్పుడూ ఆనించి ఉంచాలి. చేరిన రోజే ఆకాశం తేటగా ఉంటే అప్పుడే ఎక్కేయండి. పొద్దున్నకి పొగమంచు పట్టి రాయి తడిస్తే ఆ అవకాశం పోతుంది.

మూడో రోజు కామికోచి దాకా దిగుడు సుమారు 20 కిలోమీటర్లు, ఏడెనిమిది గంటలు. మడమ వెనక్కి నొక్కిపెట్టి చీలమండ దగ్గర లేసులు బిగించి కట్టాలి, లేకపోతే వేళ్లు ముందుకి గుద్దుకుని గోళ్లు నల్లబడతాయి. ఆఖరి బస్సు సాయంత్రమే వెళ్లిపోతుంది కాబట్టి పొద్దున ఆరింటికి ముందే దిగడం మొదలుపెట్టాలి.