అందరూ వాడే కంప్యూటరు, ఎవరిది బాధ్యత?
ఆన్‌లైన్ శిక్షణ కేంద్రంలో ఒకరు లాగౌట్ చేయకుండా లేచి వెళ్ళిపోయాక, ఆ సీటులో కూర్చున్న మరొకరు తెరిచివున్న మెయిల్ చదివితే నేరమెవరిదన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా కలవరపెడుతోంది. అనుమతి లేకుండా ఉద్దేశపూర్వకంగా కంప్యూటర్ వ్యవస్థలోకి చొరబడడాన్ని నేరంగా పరిగణించాలని సైబర్ నేరాలపై 2001లో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక అయిన బుడాపెస్ట్ ఒప్పందం సభ్యదేశాలకు నిర్దేశిస్తుంది. పాస్‌వర్డు వంటి భద్రతా ఏర్పాటును ఛేదించి ఉండాలన్న షరతును చేర్చుకోవడం ఆయా దేశాల ఇష్టం.

సంస్థల విషయానికొస్తే, పర్యవేక్షణ లోపాన్ని ఆ ఒప్పందంలోని 12వ అధికరణం బాధ్యతకు ఆధారంగా గుర్తిస్తుంది గాని, అది సంస్థ అధికారం కింద పనిచేసే వ్యక్తి సంస్థ లబ్ధి కోసం చేసిన నేరానికే వర్తిస్తుంది. కాబట్టి అభ్యాసకుడు సొంతంగా చేసిన తప్పుకు నిర్వాహకులనే ముందుగా దోషులుగా చూడడం అన్యాయమని నా అభిప్రాయం. అయితే అందరికీ ఒకే లాగిన్ ఇచ్చి, ఏ వేళ ఎవరు కూర్చున్నారో నమోదు చేయని కేంద్రం, ఏ పాపమూ ఎరుగని అభ్యాసకుణ్ణి అనుమానితుల వరుసలో నిలబెడుతుంది.