నాగసాకి మే నెల జాబితాలో లేదు

మొన్న నాగసాకి అణుబాంబు మ్యూజియం చూశాను. బాంబు పేలిన 11:02 దగ్గర ఆగిపోయిన గోడ గడియారం ముందు చాలాసేపు నిలబడిపోయాను. అప్పటి నుంచి ఈ ఊరు ఎలా ఎంపికైందో తలుచుకుంటేనే గుండె బరువెక్కుతోంది.

1945 మేలో, బాంబు ఏ ఊళ్ల మీద వేయాలో సూచించే అమెరికా టార్గెట్ కమిటీ జాబితాలో క్యోటో, హిరోషిమా, యొకొహామా, కొకురా ఉన్నాయి. క్యోటో జపాన్ పాత రాజధాని, దాన్ని ముట్టుకోవద్దని యుద్ధ మంత్రి స్టిమ్సన్ పట్టుబట్టి తీయించాడు. జులై చివర్లో జాబితాలోకి నాగసాకి వచ్చి చేరింది. ఆగస్టు 9న విమానం బయలుదేరింది కూడా కొకురా కోసమే. అక్కడ మబ్బులు, పొగ వల్ల గురి కుదరక మూడుసార్లు ప్రయత్నించి ఇటు మళ్లింది. ఆ ఏడాది చివరికి ఇక్కడ చనిపోయినవాళ్లు దాదాపు 70 వేల మంది అని అంచనా.

అసలు భయం పుట్టించేది అంతకుముందు జరిగింది. మార్చిలో ఒక్క రాత్రి టోక్యో మీద కురిపించిన నిప్పు బాంబులకు సుమారు లక్ష మంది పోయారు. ఊళ్లను జనంతో సహా తగలబెట్టడం అప్పటికే మామూలైపోయింది. అందుకే అణుబాంబు వేయాలా వద్దా అన్న చర్చ పైస్థాయిలో పెద్దగా సాగలేదని నాకనిపిస్తుంది.

ఇంకో విషయం. లొంగిపొమ్మని జపాన్‌ను హెచ్చరించిన పోట్స్‌డామ్ ప్రకటన జులై 26న వచ్చింది. బాంబు వేయమన్న ఆదేశం మాత్రం 25నే వెళ్లిపోయింది.

జపాన్ లొంగింది బాంబు వల్లనా, లేక సోవియట్ దాడి వల్లనా అని ఇప్పటికీ వాదనలున్నాయి. సోవియట్ సైన్యం అప్పట్లో జపాన్ చేతిలో ఉన్న మంచూరియాలోకి దిగింది కూడా ఆగస్టు 9నే. ఒక్క ముక్కలో జవాబు చెప్పేవాళ్లను నేనైతే నమ్మలేను.