ఫార్మాట్ కొట్టనివ్వలేదు

పొద్దున పేజీలు పెట్టడం మొదలుపెట్టి అరగంట కాలేదు, కొత్త సిస్టమ్ మళ్లీ క్రాష్ అయి నీలం తెర వేసింది. ఈసారి ‘మెమరీ మేనేజ్‌మెంట్’ అంది. నిన్న ‘ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్’, అంతకుముందు ‘పేజ్ ఫాల్ట్’. మాస్టారు తమ ఊరి చరిత్ర రాసి, డీటీపీకి నా చేతిలో పెట్టారు. టెన్షన్‌గా ఉంది.

షాపుకు ఫోన్ చేస్తే, “విండోస్ కరప్ట్ అయ్యుంటుంది మేడమ్, తీసుకురండి, ఫార్మాట్ కొట్టేద్దాం” అన్నాడు అబ్బాయి. ఒప్పుకోలేదు. విండోస్‌లో చెడింది ఒక్క డ్రైవరే (ఒక పరికరాన్నో, సాఫ్ట్‌వేర్‌నో విండోస్‌తో కలిపి నడిపే ఫైలు) అయితే చాలావరకు ఎర్రర్ ఒకేలా వస్తుంది. 2024 జులై 19న ఒక సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వల్ల ప్రపంచమంతా దాదాపు 85 లక్షల కంప్యూటర్లు ఆగిపోయినప్పుడు తెర మీద చాలాచోట్ల ఒకే డ్రైవర్ ఫైలు పేరు కనిపించింది. నా దగ్గర అలా లేదు.

విండోస్ ఫోల్డర్‌లోని మినీడంప్ అనే ఫోల్డర్ తెరిచాను. క్రాష్ అయినప్పుడల్లా ఏం జరిగిందో విండోస్ అక్కడ చిన్న ఫైలులో రాసిపెడుతుంది. ఆ ఫైళ్లను చదివే బ్లూస్క్రీన్‌వ్యూలో చూస్తే ఒకదాంట్లో గ్రాఫిక్స్ డ్రైవర్, ఇంకోదాంట్లో నెట్‌వర్క్‌ది, మరోదాంట్లో ఏకంగా విండోస్ గుండెకాయ లాంటి కెర్నల్. ఇవన్నీ ఒక్కసారిగా చెడ్డాయంటే నమ్మేలా లేదు. అన్నీ పనిచేసేది మాత్రం ఒకే ర్యామ్‌లో, అంటే కంప్యూటర్ మెమరీలో.

విండోస్‌తో వచ్చే మెమరీ టెస్ట్ ఏ లోపమూ లేదంది. అక్కడితో ఆగకుండా ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దాంతోనే బూట్ చేశాను. ఇది విండోస్‌తో పని లేకుండా నడుస్తుంది, ఇక్కడ తప్పులొస్తే ఫార్మాట్ మాటే ఉండదు. కాసేపటికే తప్పులు చూపే ఎర్ర గీతలు వరసకట్టాయి.

అయినా ర్యామ్ పోయిందని అప్పుడే అనలేం. షాపువాళ్లు బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగ్స్‌లో) ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి 3200 స్పీడ్‌లో పెట్టి ఇచ్చారు. కొన్ని బోర్డులకు ఆ స్పీడే పడదు. ఆపేస్తే 2666కి దిగింది, అప్పుడూ తప్పులే. ఇక కరెంటు తీసేసి, రెండు ర్యామ్ స్టిక్‌లూ ఊడదీసి ఒక్కొక్కటే పరీక్షించాను. ఒకటి శుభ్రంగా పాసైంది. రెండోది ఫెయిల్, స్లాట్ మార్చినా ఫెయిలే. అంటే లోపం బోర్డుది కాదు, ఆ స్టిక్‌ది.

దొరికిందన్న సంతోషం నిలవలేదు. నీలం తెర నిజానికి మేలే చేస్తుంది. కెర్నల్‌లో లెక్క తప్పిందని తెలియగానే, ఉన్న డేటా కూడా పాడుకాకుండా మిషన్‌ని ఆపేస్తుంది. నా భయమల్లా తప్పు జరిగినా మిషన్ ఆగని సమయాల గురించి. డీటీపీలో వాడే అను ఫాంట్లలో తెలుగు అక్షరాలు ఇంగ్లీషు కోడ్‌ల మీద కూర్చుంటాయి, ఒక్క బిట్ తారుమారైతే గుణింతమే మారిపోతుంది. పుస్తకం నిండా ఇంటిపేర్లు, చెరువుల పేర్లు, ఇనాం భూముల సర్వే నంబర్లు. పొద్దున చేసిన జిప్ ఫైలు సీఆర్‌సీ ఎర్రర్ (లోపలి డేటా మారిపోయిందని) అంటూ తెరుచుకోలేదు, గుండె జారిపోయింది.

మాస్టారికి ఫోన్ చేసి, “ఈ వారం ప్రూఫులు ఇవ్వలేనండి, ఇక్కడ సేవ్ చేసిన ప్రతి పేజీ మీ రాతప్రతితో మళ్లీ సరిచూడాలి” అన్నాను.

“ఆలస్యమైతే అయిందిలేమ్మా, పేర్లు మాత్రం తప్పు పోకూడదు” అన్నారు.

ఇవాళ్టికి మంచి స్టిక్ ఒక్కటే పెట్టి నడుపుతున్నా. పీడీఎఫ్ తీయడం నెమ్మదించింది కానీ క్రాష్ లేదు. రేపు సిస్టమ్ మొత్తం మోసుకెళ్లక్కర్లేదు. స్టిక్‌లు, బిల్లు, ఎర్ర గీతల ఫొటో చాలు. జతగా అమ్మారు కాబట్టి రెండూ మార్చి ఇమ్మంటాను. కొత్తవి వచ్చాక ఒక రాత్రంతా మెమ్‌టెస్ట్ నడిపి, అది పాసైతేనే మాస్టారి పుస్తకం ఇందులో మళ్లీ తెరుస్తాను. రేపటి నుంచి అప్పటిదాకా పాత కంప్యూటర్ మీదే పని.