వరుస ఎక్కడ నిలుస్తోంది: చిన్న కార్యాలయపు ఇంటర్నెట్‌పై పది వారాల పని

మొదటి వారం

పదకొండు మంది పనిచేసే ఒక చిన్న కార్యాలయపు నెట్‌వర్కును చూసుకోవడం నా ఉద్యోగం కాదు. ఇష్టం కొద్దీ చేపట్టిన పని. సాయంత్రం అందరూ వెళ్లాక దొరికే గంటలోను, సెలవు రోజుల్లోను చేస్తున్నాను. అక్కడి ఫిర్యాదు ఒక్కటే: నెట్ నెమ్మదిగా ఉంది, నెట్ మీదే నడిచే ఫోన్లో మాటలు తెగిపోతున్నాయి. లైను వేగం చూస్తే డౌన్‌లోడ్ సెకనుకు 100 మెగాబిట్లు, అప్‌లోడ్ 20. స్పీడ్ టెస్ట్ చేసినప్పుడల్లా ఇంచుమించు అంతే వస్తోంది. ఇంకా పెద్ద ప్లాను తీసుకుందామని యజమాని అనుకుంటూ ఉంటే, ముందు కొలతలు తీసి చూద్దాం, కొన్నాళ్లు ఆగండని కోరాను.

కొలత అంటే పెద్ద సరంజామా ఏమీ లేదు. ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో రౌటర్‌కు కలిపి, రెండు విండోలు తెరిచి, ఒకదానిలో రౌటర్‌కు, మరొకదానిలో బయటి సర్వర్‌కు పింగ్ పెట్టి, అకౌంట్స్ బల్ల పక్కన కూర్చున్నాను. పింగ్ అంటే ఒక చిన్న ప్యాకెట్టును, అంటే డేటా తునకను, పంపి దానికి జవాబు రావడానికి పట్టే కాలాన్ని చూడడం. బయటి పింగ్ 14, 15, 14 మిల్లీసెకండ్ల దగ్గర నిలకడగా ఉంది. అకౌంట్స్ చూసే ఆవిడ స్కాన్ చేసిన 180 మెగాబైట్ల దస్తావేజులను పంపించడం మొదలుపెట్టగానే ఆ అంకె 90కి, 240కి, 430కి ఎక్కి, చివరకు 614 దగ్గర ఆగింది. సరిగ్గా అప్పుడే పక్క బల్ల దగ్గర ఫోన్లో మాట్లాడుతున్న ఆయన రిసీవర్‌ను చెవికి గట్టిగా అదుముకుని, "హలో, వినబడుతోందాండీ?" అని మూడుసార్లు అడిగారు. డెబ్బై రెండు డెబ్బై మూడు సెకన్ల తరువాత ఫైలు వెళ్లిపోయింది, పింగ్ 14కు దిగింది, ఆయన సంభాషణ మామూలుగా సాగింది. అంతసేపూ రౌటర్‌కు పెట్టిన పింగ్ మాత్రం ఒక మిల్లీసెకండు దాటలేదు.

ఈ అంకెల్లోనే జబ్బు మూలం ఉంది. అదనంగా పెరిగిన ఆలస్యం 600 మిల్లీసెకండ్లు. సెకనుకు 20 మెగాబిట్ల లైనులో అంత సేపటికి పోయే డేటా 12 మెగాబిట్లు, అంటే 1.5 మెగాబైట్లు. ఒక్కో ప్యాకెట్ 1500 బైట్లనుకుంటే, దాదాపు వెయ్యి ప్యాకెట్లు ఎక్కడో ఒకచోట వరుసకట్టి నిలబడి ఉన్నాయన్నమాట. ఫోను మాటను మోసుకొచ్చిన ప్రతి చిన్న ప్యాకెట్టూ ఆ వెయ్యింటి వెనక నిలబడవలసి వస్తోంది. 2010 ప్రాంతంలో కంప్యూటర్ ఇంజనీరు జిమ్ గెటిస్ ప్రచారంలోకి తెచ్చిన 'బఫర్‌బ్లోట్' అన్న మాటకు అర్థం ఇదే: పరికరంలోని బఫర్, అంటే ప్యాకెట్లు వేచి ఉండే చోటు, అవసరానికి మించి పెద్దదై, ప్యాకెట్టును వదిలేయవలసిన చోట దాచిపెట్టి ఆలస్యం చేయడం. లైను వేగం పెంచితే వరుస త్వరగా కదులుతుంది కానీ, వరుస కట్టడం మానదు.

రెండో వారం

చాలామంది చేసేదే నేనూ ముందు చేశాను. పాత రౌటర్‌లో క్యూఓఎస్ అనే పేజీ ఉంది; ఏ పరికరానికి ముందు దారి ఇవ్వాలో చెప్పేది అక్కడే. అందులో రెండు ఐపీ ఫోన్లను అన్నిటికన్నా పైన పెట్టి, బ్యాకప్ కంప్యూటర్‌ను అడుగున పెట్టి, మళ్లీ అదే 180 మెగాబైట్ల ఫైలును పంపించి చూశాను. పింగ్ మళ్లీ 600 దాటింది. మూడు సాయంత్రాలు నియమాలను అటూ ఇటూ మార్చినా ఫలితం మారలేదు.

కారణం తెలిశాక తేలికగానే అనిపించింది. రౌటర్‌కు, మోడెమ్‌కు నడుమ ఉన్న కేబుల్ వేగం గిగాబిట్, అంటే సెకనుకు వెయ్యి మెగాబిట్లు. రౌటర్ తన దగ్గరకు వచ్చిన ప్యాకెట్లను వచ్చినవి వచ్చినట్టే మోడెమ్‌కు అందిస్తోంది, కనుక రౌటర్‌లో వరుస అన్నదే ఏర్పడదు. వరుస ఏర్పడేది 20 మెగాబిట్ల ఇరుకు మొదలయ్యే మోడెమ్‌లో; మోడెమ్‌కు నా నియమాలు తెలియవు. ప్రాధాన్యం అంటే వరుసలో ఎవరు ముందు నిలబడాలో చెప్పడమే కాబట్టి, వరుస మన చేతిలో లేనప్పుడు ఎన్ని నియమాలు రాసినా అవి పేరుకే. ముందు వరుసను మోడెమ్ నుంచి రౌటర్‌లోకి లాక్కురావాలి. అందుకు దారి ఒకటే: రౌటర్ వేగాన్ని లైను వేగం కన్నా కాస్త తగ్గించి, దారి మొత్తంలో అతి ఇరుకైన చోటు రౌటరే అయ్యేలా చేయడం.

మూడు, నాలుగు వారాలు

పాత రౌటర్ స్థానంలో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే లినక్స్ ఆధారిత సాఫ్ట్‌వేర్ నడిచే రౌటర్‌ను పెట్టి, వరుసలను అదుపు చేసే ఎస్‌క్యూఎం ప్యాకేజీ వేసి, క్యూ పద్ధతిగా, అంటే వరుసను నడిపే తీరుగా, 'కేక్'ను ఎంచుకున్నాను. నెట్‌వర్కు పరిశోధకులు క్యాథలీన్ నికోల్స్, వాన్ జాకబ్‌సన్ 2012లో ప్రకటించిన 'కోడెల్' ఈ కుటుంబానికి ఆధారం. వరుసలో ఎన్ని ప్యాకెట్లు ఉన్నాయన్నది దానికి పట్టదు. ప్యాకెట్ ఎంతసేపు నిలబడిందన్నదే చూస్తుంది. ఆ నిరీక్షణ 100 మిల్లీసెకండ్ల పాటు 5 మిల్లీసెకండ్ల కిందికి ఒక్కసారైనా దిగకపోతే ప్యాకెట్లను వదిలేయడం మొదలుపెడుతుంది, దాంతో పంపేవాడు తన వేగాన్ని తగ్గించుకుంటాడు. ఒక్కో ప్రవాహానికి, అంటే ఒక్కో కనెక్షన్‌కు, వేరే వరుసను ఇచ్చే పద్ధతిని దీనికి జోడించినది ఎఫ్‌క్యూ కోడెల్. వేగాన్ని బిగించే షేపర్‌ను, ప్రాధాన్యపు అరలను, మనిషికింత అన్న పంపకాన్ని ఒకేచోటికి తెచ్చిన కేక్ 2018లో లినక్స్ కెర్నెల్ 4.19తో పాటు అందరికీ అందుబాటులోకి వచ్చింది.

అప్‌లోడ్ విలువను సెకనుకు 17 మెగాబిట్లతో మొదలుపెట్టి, ఫైలు పంపుతూ పింగ్ చూస్తూ అరమెగాబిట్ చొప్పున పెంచుకుంటూ పోయాను. 18 వరకు పింగ్ 20 దాటలేదు, 18.5 దగ్గర అప్పుడప్పుడు 35 కనిపించింది. 19 దగ్గర 60, 70 అంటూ వరుస మళ్లీ మోడెమ్‌లోకి జారిపోతున్న జాడ తెలిసింది. 18 దగ్గర ఆపేశాను. ప్రతి ప్యాకెట్‌కు లైనులో అదనంగా పడే బైట్ల లెక్క కోసం ఓవర్‌హెడ్ విలువను 44గా ఇచ్చాను. అది కాస్త ఎక్కువే అయినా, తక్కువ ఇచ్చి చిన్న ప్యాకెట్ల దగ్గర లెక్క తప్పడం కన్నా మేలు. డౌన్‌లోడ్‌ను రద్దీ వేళల్లో వచ్చిన అతి తక్కువ కొలతను చూసుకుని 85కు కుదించాను.

అప్‌లోడ్ కుదురుకుంది కానీ డౌన్‌లోడ్ పరీక్షలో పింగ్ ఇంకా 200 దాటుతూనే ఉంది. రెండు రోజులు విలువలను తగ్గిస్తూ పోయాను, 60కి తెచ్చినా అదే తీరు. చివరికి లినక్స్‌లో వరుసల వివరాలు చూపే టీసీ ఆదేశంతో క్యూ లెక్కలు తెరిచి చూస్తే, వందల మెగాబైట్లు దిగుతున్నా షేపర్ లెక్కలో కొన్ని వందల ప్యాకెట్లే కనిపిస్తున్నాయి. అప్‌లోడ్ అమర్చాక హార్డ్‌వేర్ ఫ్లో ఆఫ్‌లోడింగ్ అనే పెట్టెలో టిక్ పెట్టి ఉండడమే దీనికి కారణం. ఆ సదుపాయం ప్యాకెట్లను ప్రాసెసర్ దాకా రానివ్వకుండా చిప్‌లోనే దాటించేస్తుంది, అందువల్ల షేపర్‌కు వాటితో పరిచయమే ఉండదు. టిక్ తీసేయగానే పింగ్ 25 లోపుకు వచ్చింది, ప్రాసెసర్ భారం మాత్రం ఒక కోర్‌లో 70 శాతానికి ఎక్కింది. షేపర్ పెట్టే ప్రతివారూ ముందు ఈ లెక్కలు కదులుతున్నాయో లేదో చూసుకుని, ఆ తరువాతే విలువల జోలికి వెళ్లాలని నా గట్టి అభిప్రాయం.

అకౌంట్స్ బల్ల దగ్గర మొదటి పరీక్షనే మళ్లీ చేశాను. అదే ఫైలు ఎనభై సెకన్లకు కాస్త పైన తీసుకుంది. అంతసేపూ పక్క బల్ల ఫోను స్పష్టంగా ఉంది. మెగాబిట్లు రెండు వదులుకుని నిశ్చింతను కొనుక్కున్నాం. ఆ సాయంత్రం నాకు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను.

ఐదో వారం

ఇప్పుడు ప్రాధాన్యాలకు అర్థం వచ్చింది. జి.711 కోడెక్‌తో, అంటే మాటను డేటాగా మార్చే ఆ పద్ధతితో, నడిచే ఫోను సెకనుకు 50 ప్యాకెట్లు పంపుతుంది; ఒక్కొక్కటి ఐపీ స్థాయిలో 200 బైట్లు, అంటే ఒక సంభాషణకు ఒక దిక్కున 80 కిలోబిట్లు. రెండు ఫోన్లూ కలిసినా 20 మెగాబిట్లలో నూటికి ఒక వంతు రాదు. ఫోనుకు కావలసింది బ్యాండ్‌విడ్త్ కాదు, వేళకు దారి ఇవ్వడం. అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ వారి జి.114 సిఫారసు ప్రకారం ఒక దిక్కున ఆలస్యం 150 మిల్లీసెకండ్ల లోపు ఉంటే సంభాషణ సాఫీగా నడుస్తుంది.

కేక్‌లో డిఫ్‌సర్వ్4 అనే అమరికను ఎంచుకుంటే నాలుగు అరలు ఏర్పడతాయి: బల్క్ (తొందర లేనివి), బెస్ట్ ఎఫర్ట్ (మామూలువి), వీడియో, వాయిస్. ఐపీ ఫోన్లు తమ ప్యాకెట్ల మీద ఈఎఫ్ అనే గుర్తును, అంటే ప్యాకెట్ ప్రాధాన్యాన్ని తెలిపే డీఎస్‌సీపీ విలువ 46ను ముందే వేసి పంపుతున్నాయి గనుక అవి తమంతట తామే వాయిస్ అరలోకి వెళ్లిపోయాయి. బ్యాకప్ కంప్యూటర్ నుంచి వెళ్లేవాటికి ఫైర్‌వాల్ నియమంతో తక్కువ ప్రాధాన్యపు సీఎస్1 గుర్తు వేసి బల్క్‌లోకి దింపాను. అక్కడితో ఆపేశాను. ఒక్కో యాప్‌కు ఒక్కో నియమం రాయాలన్న ఉత్సాహం నాకూ కలిగింది కానీ, కేక్ ప్రవాహాలను ఎలాగూ విడదీసి వంతులు వేస్తుంది; అధిక ప్రాధాన్యపు అరలో పరిమితికి మించి డేటా చేరితే ఆ ప్రాధాన్యమే పోతుంది. వాయిస్ అరకు ఆ పరిమితి మొత్తంలో నాలుగో వంతు. అందరినీ ముందు వరుసలో కూర్చోబెడితే అది ముందు వరుస కాదు.

ఒక విషయం మాత్రం చాలాసేపు తికమక పెట్టింది: డౌన్‌లోడ్ వైపు నా గుర్తులు పనిచేయలేదు. బయటి నుంచి వచ్చే ప్యాకెట్లు ఫైర్‌వాల్ నియమాలను చేరక ముందే షేపర్‌ను దాటుతాయి, కాబట్టి నేను వేసే గుర్తును షేపర్ చూడలేదు. డౌన్‌లోడ్‌కు గుర్తులు వదిలేసి, మనిషికింత పంపకం మీదే ఆధారపడ్డాను. అందుకు అప్‌లోడ్‌కు డ్యుయల్-ఎస్‌ఆర్‌సీహోస్ట్, డౌన్‌లోడ్‌కు డ్యుయల్-డీఎస్‌టీహోస్ట్ అన్న మాటలతో పాటు న్యాట్ అన్న మాట కూడా చేర్చాలి. న్యాట్ అంటే లోపలి కంప్యూటర్ల చిరునామాలన్నీ బయటికి రౌటర్ చిరునామాగా మారే పద్ధతి; దాన్ని లెక్కలోకి తీసుకోమని కేక్‌కు చెప్పే మాట ఇది. అది లేకపోతే కేక్ కంటికి కార్యాలయం మొత్తం రౌటర్ అన్న ఒక్క మనిషిగానే కనిపిస్తుంది, నలభై కనెక్షన్లు తెరిచిన కంప్యూటర్ ఒక్క కనెక్షన్‌తో పనిచేసుకుంటున్న కంప్యూటర్ వంతును తినేస్తుంది.

ఆరో వారం

క్రమపద్ధతిలో వంతులు వేయడం ఎంత బాగున్నా, అనవసరపు భారం తగ్గించడం అంతకన్నా మేలు. నాలుగు కెమెరాలు ఒక్కొక్కటి సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రాత్రంతా క్లౌడ్‌కు పంపుతున్నాయి. అప్‌లోడ్‌లో 8 మెగాబిట్లు, అంటే నూటికి నలభై, ఎవరూ చూడని ఖాళీ గదుల దృశ్యాలకే పోతోంది. రికార్డింగును లోపలి డిస్కుకు మార్చి, కదలిక ఉన్నప్పుడు మాత్రమే బయటికి పంపేలా అమర్చాను. పది వారాల్లో ఒక్క పనితో ఇంత ఫలితం మరెక్కడా రాలేదు.

బ్యాకప్ ఆర్‌సింక్ అనే ఫైళ్లు నకలు చేసే సాధనంతో నడుస్తుంది. పగటిపూట 8 మెగాబిట్లకు మించకూడదని దాని వేగ పరిమితి అయిన బీడబ్ల్యూలిమిట్‌కు 8000 ఇచ్చాను. ఆ మాట విన్నట్టే లేదు. చూస్తే, ఆ విలువ కిలోబిట్లు కాదు, 1024 బైట్ల లెక్క. నేనిచ్చిన పరిమితి సెకనుకు 65 మెగాబిట్లు, అంటే లైనుకు మూడింతలు. విలువను 900కు తగ్గించాక 7.4 మెగాబిట్ల దగ్గర కుదురుకుంది, రాత్రి తొమ్మిది తరువాత పరిమితి లేకుండా నడుస్తోంది. బిట్లా, బైట్లా అన్నది ప్రతి సాధనంలోను విడిగా చూసుకోవలసిందే.

ఎనిమిదో వారం

సమావేశపు గదిలో వీడియో కాల్ ఇంకా ఆగిపోతోందన్నారు. అక్కడికి ల్యాప్‌టాప్ తీసుకెళ్లి మొదటి రోజు చేసినట్టే రౌటర్‌కు పింగ్ పెట్టాను. బయటికి పోకుండా గోడల మధ్యనే 80 నుంచి 150 మిల్లీసెకండ్లు! లైనుతో దీనికి సంబంధం లేదు. గది మూలనున్న పాత ప్రింటర్ బలహీనమైన సిగ్నల్‌తో, అతి తక్కువ వేగంతో వైఫైకి అంటిపెట్టుకుని ఉంది. అటువంటి పరికరం కొంచెం డేటాకే గాలిలోని సమయాన్ని ఎక్కువగా వాడుకుంటుంది, మిగతావన్నీ అది ముగించేదాకా ఆగాలి. ప్రింటర్‌ను, సమావేశపు కంప్యూటర్‌ను రెండింటినీ కేబుల్ మీదికి మార్చాను. సమస్య తీరింది. అతిథుల వైఫైని కూడా ఆ రోజే వేరుచేసి 10 మెగాబిట్లకు బిగించాను.

పదో వారం

లైను పోయినప్పుడు ఆదుకోవడానికి రెండో కనెక్షన్ ఒకటి వచ్చింది. దాని అప్‌లోడ్ 5 మెగాబిట్లే. దారి మారిన క్షణంలో 18కి అమర్చిన షేపర్ ఉన్నా లేనట్టే, మొదటి వారం నాటి 614 మళ్లీ ప్రత్యక్షమవుతుంది. అందుకని రెండో ఇంటర్‌ఫేస్‌కు విడిగా 4 మెగాబిట్ల షేపర్ రాసి, దాని మీద ఉన్నంతసేపు బ్యాకప్ పూర్తిగా ఆగేలా స్క్రిప్టు చేర్చాను. ఇది ఇంకా కాగితం మీది లెక్కే. రాబోయే సెలవు రోజున మోడెమ్ నుంచి కేబుల్ పీకేసి, అదే 180 మెగాబైట్ల ఫైలును పంపుతూ, ఒక ఫోన్లో మాట్లాడుతూ పింగ్ చూడాలి. లెక్క ప్రకారం ఫైలుకు ఆరు నిమిషాలు పడుతుంది, పింగ్ మాత్రం 40 దాటకూడదు.