చామంతి వద్దన్న పిల్ల

"నాకు మమ్ వద్దమ్మా. ఆ శుక్రవారం సాయంత్రం ఎస్‌ఏటీ క్లాసుంది కదా" అంది మా అమ్మాయి, ఏటా ఫుట్‌బాల్ మ్యాచ్‌తో స్కూల్లో జరిగే హోమ్‌కమింగ్ పండగ దగ్గర పడుతుండగా. పదకొండో క్లాసు పిల్ల. ఎస్‌ఏటీ అంటే కాలేజీ అడ్మిషన్‌కి రాసే పరీక్ష. చదువుకోవడానికి సరదా మానుకుంటానంటే ఏ తల్లయినా సంబరపడాలి. నాకు మాత్రం మనసులో కలుక్కుమంది.

మమ్ సంగతి డాలస్ చుట్టుపక్కల ఉండేవాళ్ళకి చెప్పక్కర్లేదు. టెక్సస్ బయటివాళ్ళు చాలామంది చూసి ఉండరు. ఒకప్పుడు హోమ్‌కమింగ్ మ్యాచ్‌కి అమ్మాయిలు పెట్టుకునే అసలు సిసలు చామంతి పువ్వు అది. ఇప్పుడు పళ్ళెమంత గుడ్డపువ్వు. నడుమ బుల్లి టెడ్డీబేర్, కింద మోకాళ్ళ దాకా రిబ్బన్లు, వాటి మీద మెరిసే అక్షరాల్లో పిల్ల పేరు, అక్కడక్కడా చిరుగంటలు. మామూలుగా స్కూలు రంగుల్లో కడతారు. తెలుపు, వెండి రంగులు సీనియర్లవి, అంటే పన్నెండో క్లాసువాళ్ళవి. మెడలో వేసుకుని ఆ శుక్రవారమంతా అలాగే క్లాసులకి తిరుగుతారు. అబ్బాయిలు చిన్నది చేతికి కట్టుకుంటారు. పెద్దవి కొనాలంటే వందల డాలర్లు, అందుకే చాలామంది తల్లులు ఇంట్లోనే చేసేస్తారు. పక్కింటావిడ వాళ్ళమ్మాయి కోసం రిబ్బన్లు అల్లుతుంటే నేనూ కూర్చున్నాను. మూడుపాయల జడే. నా వేళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. మా పిల్లకీ ఒకటి అల్లాలని అప్పుడే అనుకున్నాను.

నేను ఇంటర్ చదివింది హనుమకొండలో, హాస్టల్లో. పొద్దున స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్. ఆ రెండేళ్ళలో ఏ నెలలో ఏం జరిగిందంటే పరీక్షలు తప్ప చెప్పలేను. ఇక్కడి స్కూలు ఏడాది అలా ఉండదు. ఫుట్‌బాల్ సీజన్‌లో శుక్రవారం రాత్రుళ్ళు బ్యాండు మోత, హోమ్‌కమింగ్ వారంలో రోజుకో వేషం, వసంతంలో ప్రామ్ అనే డాన్స్ పార్టీ, చివర్లో ఇయర్‌బుక్‌లో ఒకరికొకరు రాసుకునే నాలుగు మాటలు. మా ఇంటి క్యాలెండర్‌లో ఉన్నవి వేరు: అక్టోబర్‌లో ఎస్‌ఏటీకి ముందు రాసే పీఎస్‌ఏటీ, మేలో కాలేజీ స్థాయి ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలు, ఏడాది పొడుగునా క్లాస్ ర్యాంకు.

ఆ ర్యాంకు భయం ఉత్తది కాదు. 1997 నాటి టెక్సస్ చట్టం ప్రకారం స్కూల్లో మొదటి 10 శాతంలో ఉన్నవాళ్ళకి రాష్ట్ర యూనివర్సిటీల్లో సీటు ఖాయం. ఆస్టిన్‌లోని యూటీకి (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్) మాత్రం అది 6 శాతం ఉండేది, 2026 ఫాల్ నుంచి 5 శాతమే. మన పిల్లలు కిక్కిరిసి ఉన్న స్కూళ్ళలో ఆ 5 శాతం అంటే ఎంత టెన్షనో ఇంటింటికీ తెలుసు. మా అమ్మాయి తన జీపీఏ దశాంశాలతో సహా చెబుతుంది. అలా చెప్పడం మా ఇంట్లోనే అలవాటైంది.

అదే రోజుల్లో బతుకమ్మ వచ్చింది. బంతులు, చామంతులు ముందేసుకుని నాతో పాటు పేర్చింది, లంగావోణీ కట్టుకుని పాటలకి చప్పట్లు కొడుతూ తిరిగింది. పువ్వులంటే ఇష్టం లేక కాదు, నలుగురిలో సిగ్గుపడీ కాదు. మరి స్కూల్లో ఎందుకు వద్దంది? ఆ పండగ తనది కాదనుకుందా, లేక మా మొహాలు చూసి ఖర్చూ టైమూ లెక్కేసుకుందా? అడిగితే "నిజంగానే ఇంట్రెస్ట్ లేదమ్మా" అంది. నిజమే కావచ్చు కూడా. అన్ని సరదాలూ అందరికీ నచ్చాలని ఏముంది?

చిన్నపిల్లల తల్లులు అడిగితే, "పంపండమ్మా, ఒక్క సాయంత్రంతో ర్యాంకేమీ పడిపోదు" అని గట్టిగానే చెబుతాను. ఆ మాట మీద నాకు నమ్మకముంది. కానీ ఇంటికొచ్చి ప్రీకాల్‌లో (ప్రీకాల్క్యులస్ లెక్కల్లో) తొంభై నాలుగేంటని అడిగేదీ నేనే. రెండు మాటలూ నా నోటి నుంచే వస్తుంటే పిల్ల దేన్ని పట్టుకోవాలి?

వచ్చే ఏడు తను సీనియర్. ఫీజు కడితే స్కూలు పార్కింగ్‌లో ఒక గడి పిల్లలకిస్తారు, బడి తెరవకముందే వచ్చి నచ్చిన బొమ్మ పెయింట్ చేసుకోవచ్చు. మా ఆయన, "తనంతట తను అడిగితే కడదాం" అంటున్నారు. అడగదని నాకు తెలుసు. తనకి చెప్పకుండా కట్టేస్తే బలవంతం చేసినట్టు, కట్టకపోతే పట్టించుకోనట్టు. గడువు ఇంకా ఉంది.