నొప్పి లేకుండా చూపును తీసే జబ్బు: రెటీనా విడిపోవడం

మా దేవరకొండ వైపు కన్ను ఎర్రబడితేనో, నీరు కారితేనో, పోటు పుడితేనో తప్ప కంటి డాక్టరు దగ్గరికి పోవాలన్న ఆలోచన ఎవరికీ రాదు. రెటీనా విడిపోయే జబ్బులో సాధారణంగా ఈ మూడూ ఉండవు. ఎదుటివారికి కన్ను మామూలుగానే కనిపిస్తుంది, రోగికి నొప్పి తెలియదు, రెండో కన్ను బాగుంటే చూపు తగ్గిన సంగతి కూడా వెంటనే బయటపడదు. మా చిన్నాయనకు ఇది వచ్చినప్పుడు నల్లగొండకూ హైదరాబాదుకూ వెంట తిరిగింది నేనే కాబట్టి, డాక్టర్లు చెప్పినదాన్నీ ఆ తర్వాత చదివి తెలుసుకున్నదాన్నీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

రెటీనా అనేది కంటి లోపలి గోడకు పరుచుకుని ఉండే, అర మిల్లీమీటరు మందం కూడా లేని పొర. వెలుగును నరాల సంకేతంగా మార్చే కణాలు అందులోనే ఉంటాయి, వాటికి కావలసిన ఆక్సిజన్ చాలావరకు వెనుక ఉన్న రక్తనాళాల పొర నుంచి అందుతుంది. కనుగుడ్డు మధ్యభాగాన్ని విట్రియస్ అనే జిగురు పదార్థం నింపి ఉంచుతుంది. వయసు పెరిగేకొద్దీ అది పలచబడి, కుంచించుకుని, 50, 60 ఏళ్లు దాటినవారిలో రెటీనా నుంచి విడివడుతుంది. చాలామందికి దీనివల్ల ఏ నష్టమూ జరగదు. కొందరిలో మాత్రం ఎక్కడో ఒకచోట గట్టిగా పట్టుకుని ఉన్న జిగురు, విడివడేటప్పుడు రెటీనాను చింపుతుంది. ఆ చిరుగు చెరువు కట్టకు పడ్డ గండి లాంటిది. పలచబడిన ద్రవం అందులోంచి వెనక్కి చేరి, పొరను గోడ నుంచి అంతకంతకూ లేపుతూ పోతుంది. లేచిన భాగానికి పోషణ అందదు, అంతమేరకు చూపు ఉండదు.

ఏడాదికి పదివేల మందిలో సుమారు ఒకరికి వచ్చే జబ్బు ఇది. ఎక్కువ మైనస్ సైటు ఉన్నవారికి, శుక్లం ఆపరేషన్ అయినవారికి, కంటికి దెబ్బ తగిలినవారికి, ఇంట్లో ఇంకెవరికైనా వచ్చి ఉన్నవారికి ముప్పు ఎక్కువ. చిన్నాయనకు చిన్నప్పటి నుంచి మైనస్ 8 సైటు, దానికి తోడు అంతకుముందే ఎడమ కంటికి శుక్లం తీసి లెన్సు వేశారు. షుగరు బాగా ముదిరినవారిలో చిరుగు లేకుండానే, లోపల పెరిగిన మచ్చ పొరలు లాగడం వల్ల రెటీనా లేస్తుంది. దాని వైద్యం వేరు, ఇక్కడ దాని జోలికి పోవడం లేదు.

బత్తాయి తోటలో నీళ్లు కట్టేటప్పుడు కంటి ముందు దోమలు ఎగురుతున్నాయనుకుని ఆయన మాటిమాటికీ చేయి విసురుకునేవాడట. రాత్రి పడుకున్నాక కళ్లు మూసినా ఎడమ కంటి పక్కన మెరుపు మెరిసేదట. నల్ల చుక్కలు ఒక్కసారిగా కుప్పగా రావడం, మెరుపులు కనిపించడం చిరుగు పడిందనడానికి సూచనలు కావచ్చు. మెడికల్ షాపులో ఇచ్చిన చుక్కల మందు వేసుకుంటూ ఆయన పని మానలేదు. తర్వాత ఎడమ కంటికి కింద, ముక్కు వైపున నీడ మొదలైంది. కుడి కన్ను మూసి చూస్తే మెట్టు అంచు కనబడటం లేదని ఇంట్లో చెప్పినప్పుడు గానీ మాకు విషయం తెలియలేదు.

నల్లగొండలో డాక్టరు గారు ముందు అక్షరాల బోర్డు చదివించారు. ఎడమ కన్ను చివరి నుంచి రెండో వరుస దాకా చదివింది. ఇక్కడే మోసపోవడానికి వీలుంది. చదివే చూపు రెటీనా నడుమ ఉన్న మాక్యులా అనే చిన్న భాగానిది. అంచు నుంచి పొర లేచి వస్తున్నా, మాక్యులా వరకు రానంత కాలం బోర్డు పరీక్షలో ఏమీ తేలదు. 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు శిబిరాలు మా ఊళ్లలో ఎంతోమందికి అద్దాలు ఇచ్చాయి, దాన్ని తక్కువ చేయను. అయితే శిబిరంలో ఒకసారి చూపించుకున్నాం కదా అని ఈ లక్షణాలను పక్కన పెట్టడం మాత్రం తప్పు.

తర్వాత కనుపాప పెద్దది కావడానికి చుక్కలు వేసి అరగంటకు పైగా కూర్చోబెట్టారు. డాక్టరు గారు తలకు దీపం ఉన్న పరికరం పెట్టుకుని, చేతిలో ఒక కటకం పట్టుకుని, చిన్నాయనను బల్ల మీద పడుకోబెట్టి పైకి, కిందికి, మూలలకు చూడమంటూ, రెప్ప మీది నుంచి చిన్న లోహపు కడ్డీతో మెల్లగా నొక్కారు. అలా నొక్కితే రెటీనా అంచు లోపలికి వంగి, మామూలుగా కనబడని చోట దాగిన చిరుగు కూడా కనబడుతుంది. చూసినంతసేపు చూసి కాగితం మీద గుండ్రని బొమ్మ వేశారు: అతుక్కుని ఉన్న భాగానికి ఎర్ర పెన్సిలు, లేచిన భాగానికి నీలం, చిరుగు గడియారంలో ఒంటిగంట, రెండు గంటల నడుమ. చిరుగు పైన బయటి వైపున ఉంటే నీడ కింద ముక్కు వైపున ఎందుకు పడిందని నేను అడిగితే, కంటిలో బొమ్మ తలకిందులుగా పడుతుంది కాబట్టి అని చెప్పారు. రక్తం కమ్మో, శుక్లం ముదిరో లోపల ఏమీ కనబడకపోతే బి-స్కాన్ అనే అల్ట్రాసౌండ్ తీస్తారట. మాకు దాని అవసరం పడలేదు.

“సారూ, మందు రాసియ్యిరి, తోట కాడ నీళ్లు పెట్టేది ఉన్నది,” అన్నాడు చిన్నాయన. మందుతో అతికేది కాదనీ, చిరుగు పైభాగంలో ఉన్నందున ద్రవం బరువుకు కిందికి దిగుతూ ఎప్పుడైనా మాక్యులాను చేరవచ్చనీ, ఆ రోజే బయలుదేరాలనీ ఆయన గట్టిగా చెప్పారు. మాక్యులా అతుక్కుని ఉండగా ఆపరేషన్ జరిగితే చదివే చూపు నిలిచే అవకాశం ఎక్కువ. అది లేచాక అయితే పొర అతికినా చూపు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. నార్కట్‌పల్లి మీదుగా హైదరాబాదు చేరేదాకా, డాక్టరు గారు చెప్పినట్టే, ఆయనను కారు వెనుక సీటులో ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాం.

ఈ జబ్బుకు వందేళ్ల కిందటి వరకు సరైన వైద్యమే లేదు. రోగులను వారాల తరబడి కదలకుండా మంచాన పడుకోబెట్టేవారు. స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో జూల్స్ గోనిన్ అనే వైద్యుడు, చిరుగే అసలు కారణమనీ దాన్ని వెతికి మూసేయాలనీ 1920ల నాటికి నిరూపించాడు. ఇప్పుడున్న పద్ధతులన్నీ ఆ ఒక్క సూత్రం మీదే నడుస్తాయి. చిరుగు పడి, పొర ఇంకా లేవకపోతే దాని చుట్టూ లేజర్‌తో కాల్చి అతికిస్తారు. కొద్దిసేపటి పని, అదే రోజు ఇంటికి రావచ్చు. పొర లేచాక ఆపరేషన్ తప్పదు. కనుగుడ్డు బయటి గోడకు సిలికాన్ పట్టీ కుట్టి లోపలికి నొక్కడం ఒక దారి, వయసులో ఉన్నవారికి తరచుగా దీన్ని ఎంచుకుంటారు. 1970ల మొదట్లో రాబర్ట్ మాకెమర్ రూపొందించిన విట్రెక్టమీ రెండోది. చిన్నాయనకు చేసింది ఇదే: మూడు సన్నని రంధ్రాల గుండా విట్రియస్‌ను తీసి, రెటీనాను చదును చేసి, చిరుగు చుట్టూ లేజర్ పెట్టి, కంటిని గ్యాస్‌తో నింపారు. పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి ఒక్క ఆపరేషన్‌తోనే పొర అతుకుతుంది. మిగిలినవారిలో మచ్చ పొర పెరిగి మళ్లీ లాగడమో, కొత్త చిరుగు పడటమో జరిగితే ఇంకో ఆపరేషన్ చేసి, అవసరమైతే సిలికాన్ నూనె నింపి, కొన్ని నెలల తర్వాత తీసేస్తారు. ఖర్చు సంగతికి వస్తే, చేరే ముందే ఆ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి ఆరోగ్యశ్రీ వర్తిస్తుందేమో అడగడం మేలు.

ఆపరేషన్ కంటే తర్వాతి రోజులే ఆయనను ఎక్కువ విసిగించాయి. గ్యాస్ పైకి తేలుతుంది కాబట్టి, అది చిరుగును ఒత్తి ఉంచేలా తలను చెప్పిన వైపే ఉంచాలి. తినడానికి, స్నానానికి తప్ప లేవనివ్వలేదు, వెల్లకిలా పడుకోనివ్వలేదు. ఆయనకు వాడిన రకం గ్యాస్ 6 నుంచి 8 వారాలు ఉంటుంది. మొదట అంతా మసక, తర్వాత పై నుంచి కొంచెం కొంచెంగా తేటపడుతూ, నడిచినప్పుడల్లా కదిలే ఒక అడ్డగీత రోజురోజుకూ కిందికి దిగింది. గ్యాస్ ఉన్నంత కాలం విమానం ఎక్కకూడదు, ఎత్తుకు పోతే అది వ్యాకోచించి కంటి ఒత్తిడి పెరుగుతుంది. మన్ననూరు దాటి శ్రీశైలం ఘాటు ఎక్కవచ్చా అని అడిగితే, గ్యాస్ పోయాకే అన్నారు. ఇంకే ఆపరేషన్‌కైనా మత్తు ఇవ్వాల్సి వస్తే కంటిలో గ్యాస్ ఉందని ముందే చెప్పాలి, ఎందుకంటే నైట్రస్ ఆక్సైడ్ వాడితే ఆ బుడగ ఉబ్బుతుంది.

చూపు నిలిచింది, ఆ కంటి సైటు మారినందువల్ల కొత్త అద్దాలు రాశారు. కుడి కంటి అంచులోనూ పలచబడిన చోట్లు, ఒక సన్నని రంధ్రం కనబడితే లేజర్ చేశారు. ఆయన కూతురికీ మైనస్ 6 సైటు ఉంది కాబట్టి ఆమెకూ చుక్కలు వేయించి అంచు దాకా చూపించాం. ఎక్కువ సైటు ఉన్నవారు ఏడాదికోసారి ఈ పరీక్ష చేయించుకోవాలని, నడుమ ఎప్పుడైనా ఒక్కో కన్ను మూసి చూస్తూ కొత్త చుక్కలు, మెరుపులు, నీడ ఉంటే అదే రోజు రావాలని చెప్పారు. చుక్కలు వేశాక కొన్ని గంటలపాటు దగ్గరి వస్తువులు మసకగా ఉండి ఎండకు కళ్లు జిగేల్మంటాయి, అందుకని పరీక్షకు సొంతంగా బండి నడుపుకుంటూ పోకుండా ఎవరినైనా తోడు తీసుకుపోవాలి.